పూచీపత్రం వెనుక పుట

వారం వారం ఈ శీర్షిక క్రింద పార్లమెంటు విశేషాలను, మంత్రుల రాకపోకలను, ఆంధ్రభవన్ భోజనశాలలో చెవినపడే గుసగుసలను గురించి వ్రాయడం నాకు అలవాటు. ఈ వారం మాత్రం ఒక గ్రైండరును గురించి వ్రాయబోతున్నాను. రాజధాని విలేఖరికి ఇంతకన్న పెద్ద విషయమే దొరకలేదా అని పాఠక మహాశయులు నవ్వుకోవచ్చు. నవ్వితే నవ్వనీ. ఆ గ్రైండరు నన్ను అభన్‌పూర్ వంటింటి నుంచి కృషి భవన్ వరాండాల దాకా, అక్కడి నుంచి సుప్రీంకోర్టు తీర్పుల దాకా నడిపించింది. చట్టం ఢిల్లీలో పుట్టినా, దాని బలాబలాలు తేలేది ఇటువంటి వంటింట్లోనే అని నాకు అర్థమైంది.

అభన్‌పూర్ ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌కు దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న పట్టణం. పేరు వినని తెలుగువారు చాలామంది ఉండవచ్చు గాని, ఆ ఊరి దారులన్నీ మనవైపే చూస్తాయి. రాయపూర్ నుంచి ధమ్‌తరి, కాంకేర్, జగ్దల్‌పూర్‌ల మీదుగా సాగే రహదారి ఆ ఊరి గుండానే పోతుంది. పూర్వం దానిని 43వ నెంబరు జాతీయ రహదారి అనేవారు. అది కోరాపుట్, సాలూరు దాటి విజయనగరం ప్రాంతానికి చేరేది. ఇప్పుడు నెంబర్లు మారాయి. 30వ నెంబరు రహదారి జగ్దల్‌పూర్ నుంచి కోంటా, భద్రాచలం మీదుగా విజయవాడ పొలిమేరకు వస్తున్నది. విశాఖపట్నానికి వేస్తున్న ఆరు వరుసల కొత్త రహదారికి కూడా అభన్‌పూర్ ప్రాంతమే మొదలు.

రైలు సంగతి ఇంకా ముచ్చటైనది. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు 1900 ప్రాంతంలో రాయపూర్ నుంచి ధమ్‌తరికి చిన్న లైను వేశారు. అభన్‌పూర్ దగ్గర అది చీలి ఒక పాయ రాజిమ్ క్షేత్రానికి పోయేది. 1931లో రాయపూర్-విజయనగరం రైలుమార్గం పూర్తయ్యాక మన ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో ఈ ప్రాంతానికి వచ్చి చేరాయి. చిన్న లైను కాలగర్భంలో కలిసిపోయి, దాని స్థానంలో పెద్ద లైను వచ్చింది. రాయపూర్ నుంచి మందిర్ హసౌద్ మీదుగా అభన్‌పూర్‌కు మెము రైలును 2025 మార్చి 30న ప్రధానమంత్రి ప్రారంభించారు. గత ఆగస్టులో నేను ఆ ఊరికి వెళ్లినది ఆ రైలులోనే.

మా పెద్దమ్మ కూతురు ఆ ఊరి కోడలు. ఆమె మామగారు చిన్న లైనులో పనిచేయడానికి విజయనగరం నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డారు. బావగారు ఒక బియ్యపు మిల్లులో గుమాస్తాగా ఉండేవారు. ఆయన పోయి ఆరేళ్లయింది. మిల్లు గుమాస్తాకు పింఛను ఉండదు. కొడుకు రాయపూర్‌లో పాలిటెక్నిక్ చదువుతున్నాడు. మరి ఇల్లెలా గడవాలి? అక్క ఇడ్లీపిండి, దోసెపిండి రుబ్బి ఇరుగుపొరుగు ఇళ్లకు అమ్మడం మొదలుపెట్టింది. బియ్యం పండే దేశం గనుక బియ్యప్పిండితో చీలా పోసుకోవడం అక్కడివారికి తరతరాల అలవాటు. దోసె వారికి దూరపు చుట్టమేమీ కాదు. క్రమంగా 22 ఇళ్లు అక్క పిండికి వాడుక అయ్యాయి. ఖర్చులు పోను రోజుకు మూడువందల రూపాయలు మిగిలేది. కొడుకు ఫీజు, ఇంటి అద్దె, పప్పు ఉప్పు అన్నీ అందులోనే.

గ్రైండరు వచ్చిన వైనం

పాత గ్రైండరు అరిగిపోయింది. 2024 నవంబరులో విజయనగరంలో బంధువుల పెళ్లికి వచ్చినప్పుడు అక్క ఒక దుకాణానికి వెళ్లి, తన అవసరం ఫలానా అని విప్పి చెప్పింది. ఉదయం రెండు వాయిలు, సాయంత్రం రెండు వాయిలు రుబ్బవలసి ఉంటుందని, దానికి తగిన యంత్రం చూపమని అడిగింది. అయిదు లీటర్ల గ్రైండరును దుకాణదారే ఎంపిక చేసి, "ఇరవై ఇళ్లకు కాదమ్మా, నలభై ఇళ్లకైనా ఇది ఆగదు" అని భరోసా ఇచ్చాడు. వెల 16,500 రూపాయలు. రెండేళ్ల గ్యారంటీ. అట్టపెట్టెను రైలులో వేసుకుని, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా పురిటిబిడ్డను తెచ్చుకున్నట్లు తెచ్చుకుంది.

మూడు వారాలు తిరగకముందే మోటారు వేడెక్కి ఆగిపోవడం, కమురు వాసన రావడం మొదలైంది. కంపెనీ ఫోను నెంబరుకు ఫిర్యాదు చేస్తే రాయపూర్ నుంచి ఒక కుర్రవాడు వచ్చి, బెల్టు సవరించి, కొత్త యంత్రానికి కొన్నాళ్లు వాసన సహజమేనని చెప్పి వెళ్లాడు. కాగితం ముక్క ఏదీ ఇవ్వలేదు. ఆరు మాసాలు అలాగే నెట్టుకొచ్చింది. 2025 మే మాసంలో, ఎండలు మండుతున్న వేళ, ఒక ఉదయం మోటారు పూర్తిగా ఆగిపోయింది.

ఈసారి వచ్చినవాడు వేరొక మనిషి. యంత్రాన్ని చూడడానికి ముందు వంటింటిని చూశాడు. గోడవారగా బోర్లించిన పిండి డబ్బాలను లెక్కపెట్టాడు. "ఇన్ని డబ్బాలు ఎందుకు దీదీ?" అని అడిగాడు. అబద్ధం చెప్పడం చేతకాని అక్క ఉన్నదున్నట్లు చెప్పింది. అతడు ఫోనుతో డబ్బాలకు ఫోటో తీసి, కాగితం మీద ఇంగ్లీషులో ఒక వాక్యం వ్రాసి చేతిలో పెట్టాడు. వ్యాపార నిమిత్తం వాడినందున గ్యారంటీ చెల్లదని దాని తాత్పర్యం. మోటారు మార్చాలంటే 4,200 రూపాయలు కట్టాలన్నాడు.

గ్యారంటీ కార్డును నేను స్వయంగా చూశాను. ముందు పుటలో పెద్ద అక్షరాలతో రెండేళ్ల హామీ. వెనుక పుటలో చీమ తలకాయలంత అక్షరాలతో పద్నాలుగు షరతులు. తొమ్మిదవది, గృహావసరాలకు కాక ఇతరత్రా వాడితే హామీ వర్తించదని. గృహావసరం అంటే ఏమిటో, రోజుకు ఎన్ని గంటలు దాటితే అది వ్యాపారం అవుతుందో ఎక్కడా వివరించలేదు. అక్కకు తెలుగు, హిందీ చదవడం వచ్చు. కార్డు మొత్తం ఇంగ్లీషులో ఉంది. పైగా అది సీలు వేసిన పెట్టెలో ఉంటుంది. సొమ్ము చెల్లించి, పెట్టె ఇంటికి తెచ్చి విప్పిన తరువాతనే దాని దర్శనం.

తెరవడమా, మానడమా?

అభన్‌పూర్ బజారులో మోటార్లకు తీగ చుట్టే పెద్దమనిషి ఒకరున్నారు. 1,800 రూపాయలిస్తే రెండు రోజుల్లో కొత్త తీగ చుట్టి ఇస్తానన్నారు. చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని "తెరవనా దీదీ?" అని అడిగారట. అక్క అక్కడే నిలబడిపోయిందట.

"తెరిస్తే పూచీ పోతుంది, తెరవకపోతే పూట పోతుంది. ఏం చెయ్యమంటావు తమ్ముడూ?" అని నన్ను అడిగింది.

వినియోగదారుల సమస్యలపై విజ్ఞాన్ భవన్‌లో ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఏటా డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినోత్సవం జరుగుతుంది. 1986లో వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదముద్ర పడిన తేదీ అది. ఆ ఉపన్యాసాలలో ఒక్కటైనా ఈ ఒక్క ప్రశ్నకు సమానం కాదని నాకు అనిపించింది.

ఆలోచించి చూస్తే ఆ ప్రశ్నలో చట్టం మొత్తం ఇమిడి ఉంది. యంత్రంలో లోపం ఉన్నదని ఋజువు చేసే భారం ప్రధానంగా ఫిర్యాదుదారు మీదనే ఉంటుంది. పరీక్ష చేస్తే తప్ప లోపం తేలదనుకుంటే జిల్లా కమిషన్ ఆ వస్తువును ప్రయోగశాలకు పంపవచ్చు. బయటి మనిషి చేయి పడి, పాత తీగ చెత్తబుట్టలో చేరిన తరువాత ప్రయోగశాల పరీక్షించేది దేనిని? కాలిపోయిన ఆ తీగచుట్టే అక్క తరఫు సాక్షి. మోటారు మితిమీరిన పనివల్ల కాలిందా, తయారీ దోషం వల్ల కాలిందా అనేది నిపుణుడు దానిని చూసి చెప్పవలసినదే.

యంత్రాన్ని ముట్టుకోవద్దని అక్కకు చెప్పాను. చెప్పడం నాకు తేలిక. ఆ మాటకు మూల్యం చెల్లించినది ఆమె. గ్రైండరును గోనెసంచిలో చుట్టి మూలకు చేర్చి, పొరుగింటి మిక్సీ అరువు తెచ్చి రుబ్బసాగింది. ఇంటి మిక్సీ అయిదు నిమిషాలు తిరిగితే కాసేపు ఆపాలి. లేకుంటే అదీ గ్రైండరు దారినే పోతుంది. మిక్సీలో పిండి వేడెక్కుతుంది, గ్రైండరులో వలె పొంగదు. వాడుక ఇళ్లు 22 నుంచి తొమ్మిదికి తగ్గాయి.

ఢిల్లీలో తెలిసిన సంగతులు

తిరిగి వచ్చిన తరువాత చట్టాన్ని ముందు వేసుకుని కూర్చున్నాను. 1986 నాటి చట్టం స్థానంలో 2019 నాటి చట్టం వచ్చి, 2020 జూలై 20 నుంచి అమలులో ఉన్నది. కంపెనీవారి అభ్యంతరానికి జవాబు అందులో ఉన్నదా అన్నది నా ప్రశ్న.

వ్యాపారం కోసం వస్తువును కొన్నవాడు వినియోగదారుడు కాడన్న మాట చట్టంలో ఉన్నమాట నిజమే. కాని దాని క్రిందనే ఒక వివరణ ఉన్నది. స్వయం ఉపాధితో జీవనం గడుపుకోవడానికి మాత్రమే కొని వాడుకునే వస్తువు వ్యాపారం క్రిందికి రాదని ఆ వివరణ. ఇది 1993లో పాత చట్టానికి చేర్చినది; కొత్త చట్టంలోనూ నిలిచింది. దీని అర్థాన్ని సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో విశదీకరించింది. ఆ తీర్పు వ్రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. తాను నడుపుకోవడానికి ఆటోరిక్షా కొన్నవాడు, తాను పనిచేసుకోవడానికి లేతు యంత్రం కొన్నవాడు వినియోగదారులే అవుతారని, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హోదా పోదని ఆ తీర్పు చెబుతున్నది. ఆ కేసులో ఫిర్యాదీ మాత్రం ఓడిపోయాడు; అతడు కొన్నది లక్షల విలువైన కర్మాగార యంత్రం. సూత్రం మాత్రం చిన్నవారికి మిగిలింది. పిండి రుబ్బుకుని బ్రతికే మా అక్కకు అది సరిగ్గా సరిపోతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. దానిని దాచితే పాఠకులను మోసగించినట్లవుతుంది. అక్క వినియోగదారు అయినంత మాత్రాన కార్డులోని తొమ్మిదవ షరతు దానంతట అది ఎగిరిపోదు. కమిషన్ గడప ఎక్కే అర్హత ఒకటి, గ్యారంటీ క్రింద హక్కు మరొకటి. కంపెనీ పక్షాన కూడా ఒక న్యాయం ఉన్నది. రోజుకు అరగంట తిరిగే యంత్రానికి ఇచ్చిన హామీని పది మంది పనివాళ్లున్న హోటలు యజమాని కోరితే ఇవ్వడం కష్టం. ఆ భారం చివరకు అందరు కొనుగోలుదారుల మీదా ధర రూపంలో పడుతుంది.

అయితే 1930 నాటి వస్తువిక్రయ చట్టం గ్యారంటీ కార్డుకన్న పాతది, చాలా విషయాలలో దానికన్న ఉదారమైనది. కొనేవాడు తన అవసరమేమిటో అమ్మేవానికి తెలియజెప్పి, అతని నేర్పు మీద ఆధారపడి కొంటే, వస్తువు ఆ అవసరానికి తగినదై ఉండాలన్న షరతు ఎవరూ వ్రాయకపోయినా ఆ అమ్మకంలో ఉన్నట్లే లెక్క. ఫలానా కంపెనీ పేరు చెప్పి అదే కావాలని అడిగి కొన్నవానికి మాత్రం ఈ రక్షణ అంత సులభంగా దొరకదు. అక్క పేరు చెప్పి అడగలేదు; అవసరం చెప్పి అడిగింది. ఎంపిక చేసినది దుకాణదారు. నలభై ఇళ్ల మాట అతనిది. దానికి సాక్షి ఎవరని అడిగాను. వెంట వచ్చిన పెళ్లికూతురి మేనత్త ఉన్నదని చెప్పింది!

ఇంతకంటె బలమైన సాక్ష్యం మేనల్లుని చేతిలో దొరికింది. మొదటిసారి వచ్చిన కుర్రవాడు కాగితం ఇవ్వలేదన్నాను కదా. తల్లి ఫోనులోని పాత సందేశాలన్నీ వెదికి మేనల్లుడు 2024 నవంబరు 26 నాటి రెండు సందేశాలను బయటికి తీశాడు. ఒకటి, ఫిర్యాదు నమోదైనదని ఒక నెంబరుతో. రెండవది, అదే సాయంత్రం, ఫిర్యాదు పరిష్కరించామని. కొన్న మూడు వారాలకే మోటారు మొరాయించిందని కంపెనీయే తన నోటితో ఒప్పుకున్న పత్రాలవి. ఆనాడు వంటింటి డబ్బాలను ఎవరూ లెక్కపెట్టలేదు. వ్యాపారమన్న మాట ఎవరికీ తోచలేదు. ఆ మాట ఖర్చు పెట్టవలసి వచ్చినప్పుడే గుర్తుకు వచ్చింది.

ఫిర్యాదు నడక

మొదట 1915 నెంబరుకు ఫోను చేయించాను. ఇది కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖవారి జాతీయ సహాయ కేంద్రం. తెలుగుతో సహా 17 భాషలలో పలుకుతుంది. ఇది న్యాయస్థానం కాదు. ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబట్టే మధ్యవర్తి మాత్రమే. వ్యాజ్యం లేకుండా తేలిపోయే తగాదాలకు ఇది మంచి మార్గం. మా విషయంలో కంపెనీవారు మోటారు వెలలో అయిదవ వంతు తగ్గిస్తామని జవాబిచ్చారు. పూచీ చెల్లదన్న మాట మీద మాత్రం కదలలేదు.

తరువాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. ఇక్కడ కొత్త చట్టం చేసిన మేలు చెప్పుకోవాలి. పాత చట్టం ప్రకారం ప్రతివాది ఉన్నచోటనో, వ్యవహారం తలెత్తిన చోటనో ఫిర్యాదు చేయవలసి వచ్చేది. దుకాణం విజయనగరంలో, కంపెనీ దక్షిణాదిన మరొక నగరంలో ఉంటే, ముందు ఏ ఊరి కమిషన్ అన్న దానిమీదనే సగం పోరాటం జరిగేది. ఇప్పుడు ఫిర్యాదుదారు నివసించే చోటనే దాఖలు చేయవచ్చు. కనుక రాయపూర్ చాలు. చెల్లించిన మూల్యం అయిదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. వ్యవహారం తలెత్తిన నాటి నుంచి రెండు సంవత్సరాల గడువు ఉన్నది.

ఫిర్యాదు ముసాయిదా మేనల్లుడే తయారుచేశాడు. కొత్త గ్రైండరు, పైన అయిదు లక్షల నష్టపరిహారం అని వ్రాశాడు. పడుచు రక్తం. నేను కొట్టివేయించాను. సుప్రీంకోర్టు 2006లో ఒక మోటారు కారు కేసులో, గ్యారంటీ లోపమున్న భాగాన్ని మార్చడానికే అయినప్పుడు కారునే మార్చమనడం తగదని తీర్పు చెప్పింది. అత్యాశ చూపితే న్యాయమైన కోరిక కూడా పలుచన అవుతుంది. కనుక మోటారును ఉచితంగా మార్చడం, లేదా వెల తిరిగి ఇవ్వడం, వాడుక ఇళ్లు పోయినందువల్ల కలిగిన నష్టానికి లెక్కలతో సహా పరిహారం, ఇంతవరకే అడిగాము. పాల పుస్తకం వలె అక్క వ్రాసుకున్న పిండి పద్దు ఆ లెక్కలకు ఆధారం. 2025 అక్టోబరులో ఫిర్యాదు దాఖలైంది.

చట్టం చెప్పే గడువులు వినడానికి ఇంపుగానే ఉంటాయి. ఫిర్యాదు విచారణార్హమో కాదో సాధారణంగా 21 రోజులలో తేల్చాలి. ప్రతివాది 30 రోజులలో జవాబు ఇవ్వాలి. కమిషన్ దయతలిస్తే మరో 15 రోజులు. అంతకు మించి ఒక్క దినం కూడా లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఖరారు చేసింది. పరీక్ష అవసరం లేని తగాదాలు మూడు మాసాలలో, ప్రయోగశాల పరీక్ష అవసరమైనవి అయిదు మాసాలలో తేల్చడానికి ప్రయత్నించాలి. ప్రయత్నించాలి అన్న మాటను పాఠకులు గమనించాలి. కమిషన్లలో అధ్యక్షులు, సభ్యుల ఖాళీలు పేరుకుపోయినందున సుప్రీంకోర్టు 2021లో తనంతట తానే ఆ విషయాన్ని చేపట్టవలసి వచ్చింది. తీర్పు చెప్పే కుర్చీ ఖాళీగా ఉంటే గడువు ఎవరికోసం?

"నీ చట్టం మంచిదే తమ్ముడూ, నడకే నెమ్మది" అన్నది అక్క.

ప్రభుత్వం కదలనే లేదని అనడం న్యాయం కాదు. 2020లో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, 2022లో ప్రమాణముద్ర లేని ప్రెషర్ కుక్కర్లను అమ్మనిచ్చినందుకు పెద్ద ఆన్‌లైన్ వ్యాపార సంస్థలకు ఒక్కొక్కదానికి లక్ష రూపాయల జరిమానా విధించింది. ఒక సంస్థ ద్వారా 2,265, మరొక దాని ద్వారా 598 కుక్కర్లు అమ్ముడైనవని తేలింది. కొన్నవారందరికీ తెలియజేసి, వాపసు తీసుకుని, సొమ్ము తిరిగి ఇవ్వమని ఆదేశించింది. వస్తువులను మరమ్మతు చేయించుకునే హక్కును గురించి పరిశీలించడానికి 2022 జూలైలో ఒక సంఘం ఏర్పడింది. అదే ఏడు డిసెంబరు 24న ఒక పోర్టల్ కూడా వెలిసింది. తీగ చుట్టే పెద్దమనిషి చేయి పడగానే హామీ రద్దు కావడం ఎంతవరకు న్యాయమన్నది ఆ చర్చలోని ముఖ్యాంశమే. ప్రమాదకరమైన కుక్కరు మీద రాజధాని నుంచే వేటు వేయవచ్చు. కాని తొమ్మిదవ షరతు మీద పోరు మాత్రం ప్రతి ఇల్లాలూ ఒంటరిగా, తన ఊళ్లో, తన పని మానుకుని సాగించవలసినదే. 16,500 రూపాయల కోసం ఎంతమంది ఆ పనికి పూనుకుంటారు? పూనుకోరన్న ధైర్యమే చిన్న అక్షరాలకు బలం.

పాఠకులకు నా విన్నపం చిన్నది. వస్తువు కొనేటప్పుడు అవసరమేమిటో చెప్పండి. వీలైతే బిల్లు మీద ఒక్క మాట వ్రాయించండి. పెట్టె విప్పించి, కార్డు వెనుక పుట దుకాణంలోనే చదివించుకోండి. మనిషి మరమ్మతుకు వచ్చినప్పుడల్లా కాగితం అడగండి. ఇవ్వకపోతే ఫోనులోని సందేశాన్ని చెరిపివేయకండి. పూచీ నిరాకరిస్తే కారణం వ్రాసి ఇమ్మనండి. తగాదా తేలేదాకా యంత్రాన్ని విప్పనివ్వకండి. చివరిది కష్టమని నాకు తెలుసు. కష్టమని తెలిసే చెబుతున్నాను.

క్రిందటి వారం అక్క ఫోను చేసింది. కంపెనీ మనిషి మాట్లాడాడట. ఫిర్యాదు వెనక్కు తీసుకుంటే మర్నాడే కొత్త మోటారు ఉచితంగా బిగిస్తామన్నాడట. మే మాసంలో చెల్లని పూచీ ఇప్పుడెలా చెల్లిందో అతడు చెప్పలేదు. నా గుండె ఒక్క క్షణం ఆగింది. తొమ్మిది ఇళ్లతో నెట్టుకొస్తున్న మనిషికి కాదనమని చెప్పే హక్కు నాకెక్కడిది? ఒప్పేసుకో అక్కా అనబోయాను.

"నువ్వేమన్నావు?" అని మాత్రం అడిగాను.

"వ్రాసి పంపమన్నాను. మోటారుతో బాటు దానికి ఇంకెంత కాలం పూచీయో, పిండి అమ్మితే చెల్లుతుందో చెల్లదో, అన్నీ తెలుగులోనో హిందీలోనో వ్రాసి సంతకం పెట్టి పంపితే అప్పుడు ఆలోచిస్తానన్నాను" అన్నది.

ఈ లేఖ వ్రాసే నాటికి ఆ కాగితం రాలేదు. గ్రైండరు గోనెసంచిలోనే ఉన్నది. కాగితం ముందు వస్తుందో, తీర్పు ముందు వస్తుందో తెలియదు. ఏది వచ్చినా, గెలుపైనా ఓటమైనా, ఈ శీర్షికలోనే పాఠకులకు నివేదించుకుంటాను.